సభ ముగించే మాట

కలెక్టరు దొరగారి దర్బారుకి వెళ్లొచ్చిన నాటి నుంచి వీరగిరి రాజావారికి ఒక ఇంగ్లీషు మాట మీద మోజు పుట్టింది.

"ది ప్రొసీడింగ్స్ ఆర్ హియర్‌బై కన్‌క్లూడెడ్."

ఇంతటితో సభాకార్యక్రమం ముగిసినదని అర్థం. దొర ఆ మాట అంటే గుడారం అదిరిందట, అందరూ చటుక్కున లేచి నిలబడ్డారట. ఇక మన సభా అలాగే ముగియాలన్నారు రాజావారు. పలికేది ఇంగ్లీషు వచ్చిన దుబాసీ తిరువెంగళప్ప. అతని నోట ఆ మాట రాగానే గంట కొడతారు. అప్పటికి రాజావారు ఆఖరున ఏ మాట అని ఉంటే అదే ఖాయం, ఆపైన ఎవరూ కిక్కురుమనకూడదు.

తిరువెంగళప్పకి పట్టపగ్గాల్లేవు. తన పంతం నెగ్గిన మరుక్షణం ఆ మాట అనేసేవాడు. ఎదుటివాడు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయేవాడు.

ఆ రోజు ఆడపిల్లల బడి సంగతి వచ్చింది. ఉంచాలా, మూసేయాలా?

"ఉంచుదాం" అన్నారు రాజావారు తాంబూలం అందుకుంటూ.

తాంబూలం ఇస్తున్న చెంగల్వ మనసు కుదుటపడింది. ఆమె చెల్లెలు చదివేది ఆ బడిలోనే.

"ఒక్క మనవి ప్రభూ" అని లేచాడు తిరువెంగళప్ప. "ఆడపిల్లలు చదివితే ఎదురు ప్రశ్నలు వేస్తారు. ముందు ఇంట్లో, తర్వాత వీధిలో, ఆఖరికి సభలో..."

రాజావారు మీసం నిమురుకున్నారు. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ల వైపు ఒరిగే మనిషి ఆయన.

"దుబాసీ గారూ, ఒక సందేహం" అంది చెంగల్వ.

"చూశారా ప్రభూ, ఇది బడికి వెళ్లకుండానే మొదలుపెట్టింది."

సభ నవ్వింది. చెంగల్వ కూడా నవ్వింది.

"సభ ముగించే మాట ఒకటి అంటారు కదా. దొరగారు కూడా మీలాగే నసుగుతారా అండీ?"

"ఎవరే నసిగేది?"

"తప్పయితే మన్నించండి. దొరగారు ఆ మాట అంటే గుడారం అదిరిందట. మీరు అంటే నా పళ్లెంలో తమలపాకు కూడా కదలదు."

రాజావారికి హుషారొచ్చింది. "నిజమేనోయ్ తిరువెంగళం. ఆ గొంతు నీకు రాదులే."

"నాకు రాదా ప్రభూ?"

దుబాసీ తలపాగా సర్దుకున్నాడు. ఛాతీ విరిచాడు. స్తంభాలు దద్దరిల్లేలా గర్జించాడు.

"ది ప్రొసీడింగ్స్ ఆర్ హియర్‌బై కన్‌క్లూడెడ్."

గంట మోగింది. సభంతా లేచి నిలబడింది.

"కూర్చోండయ్యా, కూర్చోండి. ఊరికే గొంతు చూపించానంతే."

"గొంతు బ్రహ్మాండంగా ఉందండీ" అంది చెంగల్వ. "సభ కూడా ముగిసింది. 'ఉంచుదాం' అన్నాక బడి గురించి ప్రభువులు ఇంకో మాట అనలేదు."

రాజావారికి పొలమారేంత నవ్వొచ్చింది. బడి ఉంటుందన్నారు. మెడలోని ముత్యాల పేట తీసి చెంగల్వ పళ్లెంలో వేశారు. "రేపటి నుంచి ఆ మాట అనేది నువ్వే."

"మరి నేను మాట్లాడేదెప్పుడు ప్రభూ?" దుబాసీ గొంతు పీలగా వచ్చింది.

"నిక్షేపంగా మాట్లాడండి" అంది చెంగల్వ. "ఎప్పుడు ఆపాలో నేను చెబుతాను."