కార్బీన్ గారికి ఎక్స్‌రే

కాకినాడలో ఓ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గవర్రాజు, తమ్ముడు చిట్టెబ్బాయి, చెల్లెలు నూకరత్నం పనిచేసేవాళ్ళు. చెప్పిన మాటని చెప్పినట్టు అర్థం చేసుకునే బుర్ర ఊరంతటికీ మా ఇంట్లోనే ఉందని ముగ్గురికీ మహా గర్వం.

ఓరోజు పీహెచ్‌డీ చేసే హైమవతి ఫ్లాస్కు చూపించింది.

"ఇందులో ఐసోసయనైడ్‌ని పల్లాడియం అనే లోహం పట్టుకుని ఉంది. దాంతో ఐసోసయనైడ్‌లోని కార్బన్‌కి ఎలక్ట్రాన్ల కొరతొచ్చింది. ఈ సీసాలోని అమైన్ పోస్తే అది సరిగ్గా ఆ కార్బన్ మీదే దాడి చేస్తుంది. రెండూ అతుక్కుని కార్బీన్ అవుతుంది. నా దగ్గరున్న పల్లాడియం ఇంతే, పాడైతే నా చదువు ఆగిపోతుంది. ఇప్పుడే వస్తా, అమైన్ బొట్టు బొట్టుగా వెయ్యండి."

ఆమె అటెళ్ళింది. అంతే, నూకరత్నం గుండెలు బాదుకుంది.

"ఒకడు పట్టుకుంటే ఇంకొకడు కొట్టడమా! ఇదేం న్యాయం అన్నయ్యా?"

"కొట్టేవాణ్ణి కట్టేద్దాం," అన్నాడు గవర్రాజు. అమైన్ సీసాని తాడుతో బల్లకాలికి కట్టేశారు.

"మరి బొట్టు బొట్టుగా వెయ్యమంది కదా?" అన్నాడు చిట్టెబ్బాయి.

నూకరత్నం కుంకుమ తెచ్చి సీసాకి బొట్టు, దాని పక్కన ఇంకో బొట్టు, ఇలా మూతి దాకా పెట్టింది.

ఈలోగా చిట్టెబ్బాయికి అలమరలో ఉత్త ఐసోసయనైడ్ నిండిన సీసా కనిపించింది. "వీణ్ణి పట్టుకునే లోహమే లేదు, పాపం!" అని మూత తీసి ఇనప పట్టకారు ముంచాడు. ఇంకేముంది, కంపు! లెక్చరర్లు ముక్కులు మూసుకుని రోడ్డు మీద పడ్డారు.

హైమవతి పరిగెత్తుకొచ్చి మూత బిగించింది. ఫ్లాస్కుని ఎవరూ ముట్టుకోలేదు, బతికించారు! తనే చుక్కచుక్కగా అమైన్ వేసుకుంది. మర్నాటికి తెల్లటి స్ఫటికాలు కట్టాయి.

"కార్బీన్ అయిందో లేదో ఎక్స్‌రేలో తేలాలి. తీసుకెళ్ళండి," అని వాటిని చిన్న సీసాలో పోసిచ్చింది.

ఎక్స్‌రే మిషను కాలేజీలోనే ఉంది. వీళ్ళు మెయిన్ రోడ్డు మీది ఎక్స్‌రే సెంటర్‌కి పట్టుకెళ్ళారు.

"పేషెంటు పేరు?" ఫోన్లోంచి తలెత్తకుండానే అడిగాడు అక్కడి కుర్చీలో ఆయన.

"కార్బీన్ గారండి."

"వయసు?"

"పొద్దున్నే పుట్టారండి."

"సరే, ఊపిరి బిగబట్టమనండి."

"ఆయన పసివాడు కదా, మేం బిగబడతాం లెండి," అని ముగ్గురూ బుగ్గలు పూరించారు.

హైమవతి వెతుక్కుంటూ వచ్చేసరికి ముగ్గురి మొహాలూ వంకాయ రంగుకి తిరిగాయి.

"వదలండయ్యా!" అని కేకేసింది.

అంతే, గవర్రాజు సీసా వదిలేశాడు. హైమవతి ఒక్క దూకు దూకి చున్నీలో పట్టుకుంది.

ఊపిరి మాత్రం ముగ్గురూ ఇంకా బిగబట్టే ఉన్నారు.