మూడు రోజుల తల్లి

కొండలు ఇప్పటికన్నా రెండు బారలు ఎత్తుగా ఉన్న కాలం. మా ముత్తవ్వకు ముత్తవ్వ ఇంకా ఉగ్గుగిన్నె వదలని కాలం. ఆ కాలంలో గెడ్డవలస అని ఒక ఊరుండేది. గెడ్డ అంటే కొండ మీంచి దిగివచ్చే వాగు, వలస అంటే చిన్న పల్లె. ఆ గెడ్డ పక్కన, ఊరికి చిట్టచివర, మేదర నూకాలు కాపురముండేది.

ఏం చేసేది? వెదురు చీల్చేది. చేటలల్లేది, బుట్టలల్లేది, తట్టలల్లేది. మొగుడు వెదురు కొట్టడానికి కొండెక్కి పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. వెదురు బద్దలు గీసుకుని గీసుకుని అరచేతులు మొద్దుబారిపోయాయి. ఊరికి ఆమె అల్లిన చేట కావాలి గాని ఆమె అక్కర్లేదు. పెళ్ళికి కొత్త చేట తెమ్మనేవారు, తెచ్చాక వాకిట్లోనే నిలబెట్టేవారు. లోకం తీరు అంతే. ఇప్పుడు మారిపోయిందని నేను చెప్పను.

కానీ ఒక్క పనికి మాత్రం నూకాలు లేనిదే ఆ ఊరికి గడిచేది కాదు.

ఏ ఇంట్లో పిల్లలు పుట్టి పుట్టి పోతున్నారో, ఆ ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, కొత్త చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టేవారు. తల్లి దూరంగా నిలబడి, “నాది కాదు, నాది కాదు, నాది కాదు” అని మూడుసార్లు అనాలి. వేరే ఆడమనిషి వచ్చి ఎత్తుకుపోవాలి. మూడో రోజున తల్లి చేటెడు తవుడు దంచి తీసుకెళ్ళి, ఆ తవుడు పోసి తన బిడ్డను తానే కొనుక్కోవాలి. కొనుక్కుని, “నాదే, నాదే, నాదే” అనాలి. తవుడుకు అమ్ముడుపోయే బిడ్డ ఎవరికి ముద్దు? మృత్యువు చూసి, ఛీ, దీన్నెవడు పట్టుకెళ్తాడులే అని పక్కింటికి పోతుందట. పక్కింటివాళ్ళ గతేమిటో ఎవరూ ఆలోచించలేదు.

చేట అల్లేదీ నూకాలే, బిడ్డను ఎత్తుకెళ్ళేదీ నూకాలే. అలా తొమ్మిదిమందిని ఎత్తుకెళ్ళింది. మేకపాలలో గుడ్డ ముంచి చప్పరింపజేసింది. తొమ్మిదిమందినీ తిరిగి ఇచ్చేసింది. “మూడు రోజుల తల్లి వస్తందర్రో!” అని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. ఆమె కూడా నవ్వేది. ఇంటికొచ్చి తవుడు మేకకు పెట్టేది. చీర ఉయ్యాల మాత్రం విప్పేది కాదు. ఖాళీ ఉయ్యాలను కాలితో ఊపుతూ చేటలల్లుకునేది. ఆ కాలికి అదే అలవాటైపోయింది.

పదో బిడ్డ దాలమ్మది. దాలమ్మ కూలిపని చేసుకునే మనిషి. మొగుణ్ణి గెడ్డ వరద తీసుకుపోయింది. అంతకుముందే ఇద్దరు పిల్లల్ని జ్వరం తీసుకుపోయింది. మిగిలింది ఈ ఆడపిల్ల ఒక్కతే. పచ్చి బాలింత పెంటకుప్ప దగ్గర నిలబడి మూడుసార్లు “నాది కాదు” అంది. మూడోసారి పెదవులే కదిలాయి.

“అప్పా, జాగర్త” అంది. ఆ సీమలో అక్కను అప్ప అంటారు, ఆడపిల్లను గుంట అంటారు.

“నాకు సెప్పాలా? ఎల్లుండి నీ గుంట నీ ఒళ్ళో ఉంటాది. ఎల్లు, ఎల్లి పడుకో” అంది నూకాలు.

రెండో రోజు ఆ పిల్ల నూకాలు చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. గరుకు వేలు, మొద్దు వేలు. అయినా వదల్లేదు. నూకాలు ఆ పిల్ల చెవిలో, “ఈ ఒక్కదాన్ని ఇవ్వకండా ఉంటే బాగున్ను” అంది. పైకి అనేసింది. అని నాలిక కరుచుకుంది.

మూడో రోజు పొద్దున దాలమ్మ చచ్చిపోయింది. బాలింత జ్వరం. రోలు పక్కనే పడి ఉంది. దంచిన తవుడు చేటలో అలాగే ఉంది.

దాలమ్మ అన్న కొండ అవతలి నుంచి వచ్చాడు. చెల్లెల్ని పూడ్చాడు. మేనకోడల్ని చూశాడు. “నాకే ఐదుగురు” అన్నాడు. వచ్చిన దారినే పోయాడు. పిల్ల నూకాలు దగ్గరే ఉండిపోయింది. తవుడు బేరం తెగని పిల్ల గనక ఊరు దానికి తవిటమ్మ అని పేరు పెట్టింది, తవిటీ అని పిలిచింది.

నూకాలుకు సంతోషం పట్టలేదు. ఆ సంతోషం చూసుకుని ఆమెకే భయం వేసింది. నేను కోరుకున్నాను గనకే దాలమ్మ పోయిందా? ఆ మాట ఎవరినీ అడగలేదు. దాలమ్మ పేరే ఎత్తడం మానేసింది. దాలమ్మ ఇల్లు ఉన్న దారిన నడవడం మానేసింది. పిల్లకు మాటలొచ్చి, “అమ్మా, నన్ను ఎవలు కన్నారు?” అంటే, “నానే. ఇంకెవలూ నేరు” అనేది. అడిగినప్పుడల్లా అదే మాట.

ఐదేళ్ళు గడిచాయి.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం. నీడలు కాళ్ళ కిందికి దూరిపోయే వేళ. ఎండ ఎండలాగే ఉంది. గెడ్డ గెడ్డలాగే పారుతోంది. పాడుబడిన దాలమ్మ ఇంటి వైపు నుంచి రోకటి పోటు వినిపించింది. ధన్... ధన్... ధన్. పైకప్పు కూలిపోయిన ఇల్లది. అక్కడ దంచేవాళ్ళెవరు? నూకాలు తల తిప్పి చూసేసరికి గడప మీద చిటికెడు తవుడు ఉంది.

ఎలుక తెచ్చి ఉంటుందనుకుని ఊడ్చేసింది. ఆ సాయంత్రం తవిటిని ఎత్తుకుంటే ఎప్పటిలా లేదు. నిండు తట్టంత బరువుండే పిల్ల సగం తట్టంత అయింది.

రెండోనాడు మిట్టమధ్యాహ్నం. ఎండ ఎండలాగే ఉంది. గెడ్డ గెడ్డలాగే పారుతోంది. ధన్... ధన్... ధన్. గడప మీద గుప్పెడు తవుడు. దాని మీద ఐదు వేళ్ళ అచ్చులు. తవిటి గడపలో కూర్చుని ఎదుటి ఖాళీలోకి చూస్తోంది.

“ఏటే సూత్తన్నావు?”

“అమ్మెవలో వచ్చినాది. సేట పట్టుకుంది.”

నూకాలు తవిటిని లోపలికి లాగేసింది. గట్టిగా అరిచింది. “ఈ ఇంట్లో అమ్మకానికి పిల్లల్నేరు! ఇది నా కడుపున పుట్టింది! పో!” తవుడును చీపురుతో గెడ్డలోకి తోసేసింది. ఆ సాయంత్రం తవిటి ఖాళీ బుట్టంత బరువుంది. అన్నం పెడితే పక్కకు నెట్టేసింది. తెల్లారి చూస్తే పిల్ల పళ్ళ సందుల్లో తవుడు ఉంది.

నూకాలు భూతవైద్యుడి దగ్గరకు పరిగెత్తింది. అతను అంతా విని, కోడి ఒకటి తెమ్మని, ఆ తరవాత చెప్పాడు. “అది బేరానికి వస్తంది. తవుడు నువ్వు ముట్టుకున్నావా, బేరం అయిపోయినట్టే. పిల్లని పట్టుకెళ్ళిపోద్ది. గడపలో ఇనప మేకు కొట్టు. మాటాడకు. పేరెత్తకు.” పేరెత్తకపోవడం నూకాలుకు కొత్తగా నేర్పక్కర్లేదు. మేకు కొట్టింది.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం. ఎండ ఎండలాగే ఉంది. గెడ్డ గెడ్డలాగే పారుతోంది. ధన్... ధన్... ధన్. గడప మీద ఏమీ లేదు. అమ్మయ్య అనుకుని లోపలికి తిరిగింది. తవిటి చాప మీద, పిల్ల తల దగ్గర, చేటెడు తవుడు కుప్పగా పోసి ఉంది. అప్పుడే దంచినట్టు ఆవిరి వస్తోంది.

నూకాలు పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. ఎత్తింది గాని ఎత్తినట్టే లేదు. చేటంత. ఖాళీ చేటంత.

“అమ్మా, ఆమె నన్నేం సెయ్యదు. ఊరికే నోరు తెరుత్తాది. ‘నా’ అంతాది. ఆగిపోద్ది. మల్లీ ‘నా’ అంతాది. మల్లీ ఆగిపోద్ది. ఏడుత్తాది” అంది తవిటి. ఆ గొంతు కూడా పలచగా ఉంది.

నూకాలు చాప మీద కూలబడింది. తొమ్మిదిమంది తల్లులు తన వాకిట్లో నిలబడి ఏ మాట అన్నారో ఆమెకు తెలుసు. తవుడు పోసి, బిడ్డను అందుకుని, కళ్ళనీళ్ళతో అన్నారు, “నాదే, నాదే, నాదే” అని. దాలమ్మకు ఆ మాట అనే రోజు రాలేదు. “నాది కాదు” అన్న మాటే చివరిమాటై ఆమె నోట్లో ఉండిపోయింది. చచ్చినా అది దిగడం లేదు. తవుడు తీసుకుంటే తప్ప దిగదు. తవుడు తీసుకుంటే పిల్ల పోతుంది. తీసుకోకపోయినా పిల్ల పోతూనే ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు నూకాలు తవిటికి తలంటి పోసింది. కొత్త చేట తీసింది. గడపలో మేకు పీకేసింది. పిల్లను చంకనేసుకుని, ఐదేళ్ళుగా నడవని దారిన నడిచి, గెడ్డ ఒడ్డునున్న పెంటకుప్ప దగ్గరకు వెళ్ళింది. ఊరివాళ్ళు చూశారు. ఎవరూ దగ్గరకు రాలేదు. ధైర్యవంతులు తలుపు సందులోంచి చూశారు, మిగతావాళ్ళు అదీ లేదు.

మిట్టమధ్యాహ్నం. ఎండ ఎండలాగే ఉంది. కానీ గెడ్డ చప్పుడు ఆగిపోయింది.

“దాలమ్మా” అని పిలిచింది నూకాలు. ఐదేళ్ళ తరవాత ఆ పేరు నోట పలికింది. “నాను తప్పు సేసినాను. నీ గుంటని ఇవ్వకండా ఉండిపోవాలని కోరుకున్నాను. నువ్వు పోయినావు. నీకు ఒక గుంట ఉన్నాదని ఆ గుంటకే సెప్పనేదు. రా. బేరం తీర్చీసుకుందాం.”

కొంగు పట్టింది. కొంగులోకి తవుడు కురిసింది. పోసే చేయి కనిపించలేదు. తవుడు వెచ్చగా ఉంది. కొంగు నిండాక కురవడం ఆగింది.

నూకాలు కొంగు నడుముకు దోపుకుని, తవిటిని చేటలో కూర్చోబెట్టి రెండు చేతులతో ముందుకు చాచింది. ఆ చేతులు అంతకన్నా కష్టమైన పని ఎప్పుడూ చేయలేదు. “ఇదిగో. నీ పిల్ల నీదే” అంది.

చేతుల్లో బరువు పోయింది. తవిటి నేల మీద నిలబడి ఉంది. కుడిచేయి పైకెత్తి ఉంది, ఎవరో వేలు పట్టుకున్నట్టు. గాలి లేదు, ఆకు కదల్లేదు. అప్పుడొక గొంతు వినిపించింది. రోలు లోపలి నుంచి వచ్చినట్టున్న గొంతు.

“నాదే.”

“నాదే.”

“నాదే.”

తవిటి గెడ్డ వైపు ఒక అడుగు వేసింది. నూకాలు కదల్లేదు. రెండో అడుగు వేసింది. నూకాలు చీర కుచ్చిళ్ళు గుప్పిట బిగించి పట్టుకుంది. మూడో అడుగు వేసింది. అక్కడి నుంచి నీళ్ళు మొదలవుతాయి. లాక్కుంటే అందుతుంది. ఒక్క అంగ వేస్తే చాలు. నూకాలు ఆ అంగ వేయలేదు. ఉన్నచోటే నేల మీద చతికిలబడి, కాళ్ళు చాపి, ఒడి పరిచింది.

“దాలమ్మా, సెల్లీ. అప్పుడు నిన్ను అడగనేదు. ఇప్పుడు అడుగుతన్నాను. నీ పిల్లని నాను పెంచుకుంటాను. ఇత్తావా?”

నూకాలు కింది నీడ జానెడు పక్కకు జరిగింది. నూకాలు ఏడవలేదు, మళ్ళీ అడగలేదు. ఒడి అలాగే పరిచి కూర్చుంది.

తవిటి ఇటు తిరిగింది. చంకల దగ్గర గుడ్డ ముడతపడి పైకి లేచింది. కాళ్ళు నేల విడిచాయి. పిల్ల గాలిలో మూడడుగుల దూరం మెల్లగా వచ్చింది. నూకాలు ఒళ్ళో దిగింది. ఆ దిగడం ఎలా దిగిందంటే, నూకాలు తొడలు కదుములు కట్టాయి. ఐదేళ్ళ పిల్ల బరువు, నిండుగా, ఒక్కసారిగా.

గెడ్డ మళ్ళీ చప్పుడు చేసింది.

“అమ్మా, ఆకలేత్తంది” అంది తవిటి.

అప్పుడు ఏడ్చింది నూకాలు. తలుపు సందుల్లో ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా ఏడ్చింది.

ఆ రోజు నుంచి పిల్లకు అన్నం కలుపుతూ దాలమ్మ కబుర్లే చెప్పేది. నాకన్నా పొట్టి, మనిషి మెతక, నవ్వితే చిగుళ్ళు కనబడేవి, నిన్ను నేనెత్తుకుంటుంటే జాగర్త అంది, అని. రోకటి పోటు మళ్ళీ ఎవరికీ వినిపించలేదు. భూతవైద్యుడు అది తన మేకు మహిమేనన్నాడు. కోడి తిన్నవాడు ఆ మాత్రం అనకపోతే ఎలా?

తరవాత చుట్టుపక్కల వలసల నుంచి దిక్కులేని పిల్లల్ని నూకాలు దగ్గరకు తెచ్చేవారు. వరదలో తల్లి పోయిన పిల్ల. తండ్రి వదిలేసిన పిల్లాడు. మేనత్త సాకలేనన్న కవలలు. తల్లి బతికుంటే ఆ తల్లి ఎదుట కూర్చుని ఒడి పరిచేది. చచ్చిపోయి ఉంటే మిట్టమధ్యాహ్నం ఖాళీ వాకిట్లో పరిచేది. అడగకుండా ఒక్కరిని కూడా ఎత్తుకోలేదు.

ముసలిదై, ఒక మిట్టమధ్యాహ్నం, సగం అల్లిన బుట్ట ముందు కూర్చునే పోయింది నూకాలు. ఆమెను వాకిట్లోనే నిలబెట్టిన ఇళ్ళవాళ్ళంతా వచ్చారు. పాడె మోసిన నలుగురూ తరవాత ఒకే మాట చెప్పారు. భుజం మీద బరువే తెలియలేదట. పక్కన ఇంకా ఎవరెవరో భుజం పట్టినట్టుందట. దారి పొడుగునా పాలవాసన వేసిందట. వెనక్కి తిరిగి చూడడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు.

ఇప్పటికీ ఆ సీమలో పరాయి బిడ్డను పెంచుకోవాలనుకుంటే ఎత్తుకుని లోపలికి తీసుకుపోరు. అక్కబిడ్డయినా సరే, ముక్కూముఖం తెలియని బిడ్డయినా సరే. మిట్టమధ్యాహ్నం వాకిట్లో కూర్చుని, ఒడి పరిచి, కన్నతల్లిని పేరుతో పిలిచి, “ఇత్తావా?” అని అడుగుతారు. పేరు తెలియకపోతే “తల్లీ” అంటారు. అడిగి ఊరుకుంటారు. బిడ్డను పిలవరు, చేయి చాచరు. బిడ్డ తనంతట వచ్చి కూర్చున్నాక, ఒళ్ళో ఆ బరువు నిండుగా తెలిశాకే, “నాది కూడా” అంటారు.

కొందరికి ఆ బరువు ఆ పూటే తెలుస్తుంది. కొందరికి ఏళ్ళు పడుతుంది. వాళ్ళు రోజూ వాకిట్లో ఒడి పరుచుకు కూర్చుంటారు. దారిన పోయేవాళ్ళు వాళ్ళను పలకరించరు. నూకాలు కూర్చుంది అనుకుని, అడుగుల చప్పుడు కాకుండా పక్కనుంచి పోతారు.