నల్లమిడతల దీవి

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు ముగ్గురు రాణులు, ముగ్గురు కొడుకులు. పెద్దరాణులిద్దరూ కోటల్లో పుట్టినవాళ్లు. చిన్నరాణి మాత్రం కొండల్లో పోడు చేసుకునేవాళ్ల బిడ్డ. చెట్టూ పుట్టా కాల్చి, ఆ బూడిదలో విత్తనాలు చల్లి పంట తీసేవాళ్లన్నమాట. అందుకని అన్నలిద్దరూ ఆమె కొడుకు జయమల్లుణ్ణి "ఒరే బూడిద రాకుమారా!" అని ఏడిపించేవాళ్లు. అతను నవ్వి ఊరుకునేవాడు. అన్నలంటే అతనికి ప్రాణం.

ఒకనాడు కపాలశిఖుడనే మాంత్రికుడు పొరుగురాజు కూతురు మంజీరను ఏడు సముద్రాల అవతలి దీవికి ఎత్తుకుపోయాడు. విడిపించడానికి పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, రాలేదు. చివరికి చిన్నవాడు బయల్దేరాడు. ఏడు సముద్రాలూ ఎలా దాటాడంటారా? ఓపిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి.

దీవి ఒడ్డున అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. జయమల్లుడు వాళ్ల కాళ్లు పట్టుకుని భోరుమన్నాడు. మాంత్రికుడి మేడ కిటికీలోంచి మంజీర పిలిచింది.

"ఏడవకండి. వాడి ప్రాణం చిలకలో లేదు. చిలకలో పెడితే ఎవరైనా వెతుకుతారని ఒక గడ్డిరంగు మిడతలో పెట్టాడు. దానికి చావు లేదు, పిల్లలు పుట్టవు, నిప్పంటదు, పిట్టలు కొరకలేవు. మనిషి చేత్తో నలిపితేనే పోతుంది. మూడేళ్లలోగా దాన్ని పట్టకపోతే మీ అన్నలు ఇక ఎప్పటికీ రాళ్లే."

దీవి నిండా ఎండుగడ్డి. గడ్డి నిండా గడ్డిరంగు మిడతలు, లక్షలకు లక్షలు! అందులో ఏదని పట్టడం? జయమల్లుడికి అమ్మ నేర్పిన పనే గుర్తొచ్చింది. గడ్డికి నిప్పు పెట్టాడు.

మాంత్రికుడు మేడ మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. "కాల్చుకో నాయనా, ఏటా కాల్చుకో! నాకూ పొద్దుపోతుంది."

మిడతలు ఎగిరిపోయి, మంట ఆరాక మళ్లీ వచ్చి వాలాయి. ఏదేమిటో తెలిస్తే ఒట్టు. పాలపిట్టలు మాత్రం గుంపులుగా దిగి కడుపారా తిన్నాయి. వానలకు గడ్డి పలచగా మొలిచింది, మిడతలు మళ్లీ పిల్లల్ని పెట్టాయి. వేరే దారి తోచక రెండో ఏడూ కాల్చాడు.

అప్పుడు చూశాడు. మిడతల్లో సగం నల్లగా ఉన్నాయి! మసి అంటుకుందేమోనని ఒకదాన్ని పట్టి సముద్రంలో కడిగాడు. రంగు పోలేదు. ఒడ్డున కూర్చున్న ముసలి పాలపిట్ట కిచకిచ నవ్వింది.

"పిచ్చివాడా, అది పుట్టుకతో వచ్చిన రంగు. నల్లవి ముందునుంచీ నూటికొకటి ఉన్నాయి. ఎండుగడ్డిలో అవే మాకు ముందు దొరికేవి. నువ్వు నేలను నలుపు చేశాక గడ్డిరంగువి దొరుకుతున్నాయి. దొరికినవాటిని మేం తింటున్నాం, దొరకనివి పిల్లల్ని పెడుతున్నాయి. నల్లవాటికి నల్ల పిల్లలే ఎక్కువ."

"అంటే ఏ మిడతా రంగు మార్చుకోలేదా, అవ్వా?"

"ఒక్కటీ మార్చుకోలేదు. మారింది మిడతల మంద."

జయమల్లుడు లేచి గంతులేశాడు. మూడో ఏడు నిప్పు పెట్టి, ఇంకో వాన కురిసి మిడతలు పెరిగేదాకా హాయిగా కూర్చున్నాడు. మూడేళ్లూ నిండడానికి ఇంకొక్క రోజే ఉంది. తెల్లవారగానే బయటికొచ్చి చూస్తే, దీవంతా నల్లమిడతలే. నల్లటి నేల మధ్య ఒకే ఒక్క గడ్డిరంగు మిడత తీరిగ్గా కూర్చుని ఉంది.

వెళ్లి చేత్తో పట్టుకున్నాడు. మాంత్రికుడు పరుగున వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "అన్ని లక్షల్లో దీన్నెలా పోల్చావయ్యా?"

"నువ్వే చూపించావు. దీన్ని చావకుండా, పిల్లలు పుట్టకుండా చేశావు. మిగతావన్నీ తరం తరం మారిపోయాయి. ఇదొక్కటే నువ్వు పెట్టినట్టే ఉండిపోయింది."

పిడికిలి బిగించాడు. మాంత్రికుడు కుప్పకూలాడు. రాళ్లు కదిలాయి. అన్నలిద్దరూ ఒళ్లంతా బూడిదతో ఉన్న తమ్ముణ్ణి చూసి, సిగ్గుతో ఏడ్చి, గట్టిగా కావలించుకున్నారు.

జయమల్లుడికీ మంజీరకూ వైభవంగా పెళ్లయింది, చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. ఆ పెళ్లిలో హోమానికి నిప్పు ఎక్కణ్ణుంచి తేవాలని పురోహితుడు అడిగితే, అన్నలిద్దరూ ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లారు. చిన్నరాణి పొయ్యిలోంచి నిప్పులు తీసుకుని, ఆమెను చెరో చెయ్యీ పట్టుకుని పందిట్లోకి తీసుకొచ్చారు.