వేలి ఎముకకు కాపలా

కొండమీది బౌద్ధ విహారానికీ, సముద్రం అవతలి ద్వీపంలోని విహారానికీ మధ్య ఉత్తరాలు నడిచేవి. ఆదిగురువు వేలి ఎముకను తమకు పంపమని ఒకసారి ద్వీపంవారు రాశారు. పెద్దగురువు ధర్మనంది సభ పెట్టి, ముద్ర వేసిన దంతపు పెట్టెను ఉత్తరాలు మోసే ఓబన్న చేతికిచ్చాడు.

రేవుకు దారి దొంగల అడవి గుండానే. కిందటేడు వెళ్లిన ఇద్దరూ తిరిగి రాలేదు.

"స్వామీ, పిల్లలు గలవాణ్ణి. తోడు ఎవరినైనా పంపండి," అన్నాడు ఓబన్న.

"పిచ్చివాడా! గురువు వేలు చేతిలో ఉండగా వేరే తోడెందుకురా?"

వేలు ఉంచే గది ముందు నలుగురు బల్లేలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఓబన్న అటు చూశాడు.

"ఆ నలుగురూ ఇన్నేళ్లూ కాసింది ఈ వేలినే కదా, స్వామీ?"

"అవును."

"అది ఇవాళ నా వెంట వస్తోంది. ఇక ఖాళీ గదికి కాపలా ఎందుకు? వాళ్లనూ పంపండి."

సభంతా తలూపింది. ధర్మనంది ఆ నలుగురినీ వెళ్లమని సైగ చేశాడు. కాదంటే, పెట్టెలో ఉన్నది మేక ఎముకనీ, అసలు వేలు గదిలోనే ఉందనీ ఒప్పుకోవాలి.

నలుగురూ ఓబన్నతో కొండ దిగారు. వాళ్లు తిరిగొచ్చేదాకా మూడు నెలలు పెద్దగురువు ఆ గది గుమ్మంలోనే చాప వేసుకుని పడుకున్నాడు. ఎవరైనా అడిగితే, అక్కడ గాలి బాగా వస్తుందనేవాడు.