రాజుగారు తుమ్మితే ఎవరూ తిట్టలేదు

ఆ రాజ్యంలో సైన్యాన్ని నడిపే దళవాయి సింగరాజు తుమ్మితే చాలు, నాయనా, ఊరు దద్దరిల్లేది! శుభమని తూర్పువీధి భట్రాజు, అరిష్టమని పడమటివీధి భట్రాజు గొంతులు చించుకునేవారు. జనం జుట్లు పట్టుకునేవారు. సగం ఊరికి అలాగే బట్టతల వచ్చింది.

రాజుగారు అసూయతో గుమ్మడికాయలా ఉబ్బిపోయారు. "నిన్న నేనూ కోట కదిలేలా తుమ్మాను. ఒక్కడైనా తిట్టాడా?" అని వాపోయి, దండోరా వేసే పోతులయ్యను పిలిపించారు. "ఒరే, ఆ దళవాయి పేరెత్తినవాడి నాలుక కోయిస్తానని చాటు!"

పోతులయ్య లెక్క వేసుకున్నాడు. పేరు చెప్పి చాటితే ముందు తెగేది తన నాలుకే!

వీధిలో డప్పు కొట్టి, "ఒకాయన పేరెత్తితే నాలుక కోస్తారహో! ఎవరి పేరో రాజుగారినే అడగండహో!" అన్నాడు.

ఊరంతా కోటమీద పడింది. "ఎవరి పేరు ప్రభూ? పొరపాటున అనేస్తామేమో!"

రాజుగారికి ఒళ్ళు మండింది. "ఇంకెవడు, ఆ సింగరాజు!" అని అరిచేశారు.

"కత్తి తెమ్మంటారా, ప్రభూ?" అన్నాడు పోతులయ్య చేతులు కట్టుకుని.

అంతే! రాజుగారి నాలుక కోయాలని తూర్పువీధి, కూడదని పడమటివీధి జుట్లు పట్టుకున్నాయి. తనకోసం ఊరు కొట్టుకోవడం చూసి రాజుగారు మురిసిపోయారు. ఆజ్ఞ అక్కడికక్కడే రద్దుచేసి, పోతులయ్య చెవిలో మెల్లగా అడిగారు.

"ఏరా, వాడి తుమ్ముకి ఇంతమంది వచ్చారా?"

"ఇందులో సగం కూడా రాలేదు, ప్రభూ!"