బొల్లారం మైదానంలో దుమ్ము

కెప్టెన్ డెర్మట్ కోనలీకి తిండి సయించడం లేదు. ఐర్లండులో పెద్ద జమీందారు కొడుకు, బొల్లారం కంటోన్మెంటులో గుర్రపు దళం అధికారి. పోలో ఆటలో అతన్ని మించినవాడు లేడని దళమంతా చెప్పుకునేది. అందరికంటే గట్టిగా అతనే చెప్పుకునేవాడు.

ఆ ఆటలో బంతి వెనక నేరుగా వస్తున్న రౌతుదే దారి. అతనికి అడ్డం పోకూడదు. కప్పు పోటీ చివరి నిమిషంలో, ఎదుటి జట్టులో ఆడుతున్న స్నేహితుడు హ్యూ అలా వస్తుంటే కోనలీ అడ్డం పోయాడు. హ్యూ గుర్రంతో సహా కూలాడు. నడుము విరిగింది. కప్పు కోనలీ జట్టుకు వచ్చింది.

దుమ్ములో తనకేమీ కనబడలేదన్నాడు అంపైరు. ఆటలో ఇవి మామూలే అన్నాడు కర్నలు. దేవుడి చిత్తం అన్నాడు పాదిరీ. ఇంతమంది వదిలేసినా కోనలీని కోనలీ వదలడం లేదు. రోజూ ఆస్పత్రి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తున్నాడు, పాపం.

చివరికి తనకు ఫారసీ నేర్పే ఫకీరు నూరుల్లా షా దగ్గరికి వెళ్లాడు.

“బాబా, హ్యూకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ దుమ్ములో నాకూ ఏమీ కనబడలేదు. అలాంటప్పుడు తప్పు నాదవుతుందా?”

ఫకీరు చెప్పులు వేసుకున్నాడు. “పద బేటా, మైదానం చూపించు.”

హ్యూ పడినచోట ఫకీరు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. “ఆ రోజు ఎలా వచ్చావో అలాగే రా” అన్నాడు. గుర్రాలు చూసే బాలయ్యను పిలిచి, తన ముందు రెండు గుర్రాలను అటూ ఇటూ పరుగెత్తించమన్నాడు. ఎండిన నేల. లేచిన దుమ్ములో ఫకీరు మాయమైపోయాడు.

ఇదేం పిచ్చో కోనలీకి అర్థం కాలేదు. గురువు మాట కాదనలేక గుర్రాన్ని దౌడు తీయించాడు. సగం దూరమైనా రాకముందే కళ్లెం బిగబట్టేశాడు.

“ఆగావేం?” దుమ్ములోంచి అడిగాడు ఫకీరు.

“మీరు అక్కడున్నారు బాబా.”

“కనబడ్డానా?”

“లేదు. కానీ ఉన్నారని తెలుసుగా.”

ఫకీరు లేచి బట్టలు దులుపుకున్నాడు.

“హ్యూ ఉన్నాడని తెలియదా బేటా?”