కెంపు పతకం వెనక సూది

అది పుష్య శుద్ధ దశమి, శనివారం, పొద్దు బారెడెక్కిన వేళ. హేలాపురిని ఏలే రాజుగారూ, రాణి మాల్యవతీ, వాళ్ళ ముగ్గురు కొడుకులూ చలికి ఎండపొడలో కూర్చున్నారు. అప్పుడొచ్చాడర్రా, ఏడు సముద్రాల అవతలి రష్యా దేశం నుంచి హిమజటుడనే మాంత్రికుడు, వర్తకుడి వేషంలో!

"శాలువా జారిపోతోంది తల్లీ, ఇది పెట్టుకో" అని ఒక పాతకాలపు పతకం ఇచ్చాడు. చుట్టూ రవ్వలు, నడుమ కెంపు, వెనక బంగారు సూది. రాణి ముచ్చటపడి గుండె మీద బిగించుకుంది. అంతే, కొయ్యబారిపోయింది. ఒళ్ళంతా మంచు. తల్లుల ఒంటి వెచ్చదనం తాగి బతికే ఆ మాంత్రికుడు మాయమయ్యాడు.

పెద్దకొడుకు పతకం పట్టి లాగాడు, మంచుబొమ్మయ్యాడు. నడిపివాడు ఇంకా బలంగా లాగాడు, వాడూ అంతే.

చిన్నవాడు సుధన్వుడు మాంత్రికుణ్ణి వెతుకుతూ ఏడు సముద్రాలూ దాటి ఆ మంచుదేశం చేరాడు. అక్కడ ఉచ్చులో చిక్కిన తెల్లనక్కను విడిపించి అడిగాడు.

"మాంత్రికుడి ప్రాణం ఏ చిలుకలో ఉంది నక్కమామా?"

"ఈ చలికి చిలుక బతుకుతుందా, పిచ్చివాడా! ఆ కెంపులోనే ఉంది. సూది లాగితే బిగుస్తుంది. లోపలికి నొక్కితేనే కొక్కెం వదులుతుంది."

"లోపల అమ్మ గుండె ఉంది కదా!"

"ఏ కొడుకూ నొక్కడనే వాడి ధీమా." నక్క తల దించుకుంది. "కెంపు పగిలితే అమ్మ లేస్తుంది నాయనా. నీ అన్నలు మాత్రం గుండెతో సహా మంచైపోయారు, కరిగితే నీళ్ళే. ఏడాది దాటితే అమ్మా అంతే."

సరిగ్గా ఏడాది నిండే రోజున సుధన్వుడు ఇల్లు చేరాడు. సూది మీద చేయి వేశాడో లేదో, గుమ్మంలో మాంత్రికుడు ప్రత్యక్షమై నవ్వాడు.

"నొక్కరా! కన్నతల్లిని పొడిచిన మొనగాడివనిపించుకో!"

సుధన్వుడు అన్నల ముఖాలు చివరిసారి చూసుకున్నాడు. దేవుణ్ణి తలుచుకుని, సూదికీ అమ్మ గుండెకీ మధ్య తన వేలు దూర్చి నొక్కాడు. సూది వేలిలో దిగింది. కొక్కెం వదిలింది. పతకాన్ని నేలకేసి కొట్టాడు. కెంపు పగిలింది, మాంత్రికుడు పొగమంచై చెదిరిపోయాడు.

"ఒరే చిన్నోడా, అన్నలేరిరా?" అంది రాణి కళ్ళు తెరుస్తూనే.

సుధన్వుడు నేల మీద రెండు చోట్ల నిలిచిన నీళ్ళ వైపు చూశాడు. రాణికి అర్థమైంది. ఆ నీళ్ళను ఎవరినీ తొక్కనివ్వలేదు.

తర్వాత సుధన్వుడు పెళ్ళాడాడు, చల్లగా చాలాకాలం ఏలాడు. రాణి లేచిన మర్నాడు ఉదయం మాత్రం ఆ ఇంట పొయ్యి వెలగలేదు. రాణి నీళ్ళను కొంగుతో అద్ది రెండు రాగిచెంబుల్లోకి పిండింది. రాజుగారొకటి, చిన్నవాడొకటి ఎత్తుకుని, గోవిందా అంటూ ఏటికి నడిచారు.